కాసులమ్మ బండి దగ్గర చెప్పిన కథ

సాయంత్రం నడకలో లవీనా చెప్పే కథలన్నిట్లోకీ యాత్రికులకు బాగా నచ్చేది కాసులమ్మ కథ. అందులో సగం లవీనా సొంతంగా అల్లిందే.

లవీనాది పోర్ట్ బ్లెయిర్‌లో ఆస్టినాబాద్ పేట. తాతల కాలంలో భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబం. పుట్టడం, చదవడం, ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడటం అన్నీ అక్కడే. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నప్పుడు, దిగిన ప్రతివాళ్లూ ఇక్కడ ఏం తినాలి, ఎక్కడ తినాలి అని అడిగేవాళ్లు. చెప్పి చెప్పి, చివరికి రెండేళ్ల కిందట ఆ ఉద్యోగం మానేసి, యాత్రికుల్ని వెంటబెట్టుకుని బండి బండికీ తిప్పి రుచి చూపించే తిండి నడక సొంతంగా మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మూడున్నరకి అబర్దీన్ బజార్ గడియార స్తంభం దగ్గర అందరూ కలుస్తారు. ఐదున్నరకల్లా ఇక్కడ చీకటి పడిపోతుంది కాబట్టి ఆలస్యం చెయ్యనివ్వదు. ముందు బెంగాలీ తాత దగ్గర మరమరాల పొట్లం, ఆ తర్వాత రాంచీ నుంచి వచ్చినవాళ్లు బియ్యం, పప్పు రుబ్బి వేయించే ధుస్కా, సందులో తమిళ పరోటా, మలయాళీ దుకాణంలో అరటిపండు బజ్జీ. ఒక్కో చోట నిలబెట్టి, వీళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు, ఈ దీవుల్లోకి ఎలా చేరారు అన్నది ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెబుతుంది. చివరికి గోల్‌ఘర్ మీదుగా దిగి జంగ్లీఘాట్‌లో కాసులమ్మ బండి దగ్గర ఆగుతుంది. అక్కడ చేప పునుగులు దొరుకుతాయి. మినప్పిండిలో ఉడికించి చిదిమిన సూర చేప, పచ్చిమిర్చి, కొబ్బరి కలిపి వేయిస్తుంది కాసులమ్మ. వేడి వేడివి ఆకులో పోసి, పైన చింతకాయ పచ్చడి వేస్తుంది. ఆమెకి అరవై దాటాయి. తెలుగు, హిందీ తప్ప మరో భాష రాదు.

మొదటి నెలలోనే ఒకావిడ, ఈమె భర్త ఏం చేస్తాడని లవీనాని అడిగింది. లవీనాకి తెలియదు. తెలియదని చెబితే గైడుగా చిన్నతనం అనిపించింది. సునామీలో సముద్రం తీసుకుపోయిందని, అప్పటి నుంచీ ఒంటరిగా ఈ బండి నడుపుతోందని నోటికొచ్చింది చెప్పేసింది. విన్నావిడ కళ్లు చెమర్చాయి. తిరిగి వెళ్లాక ఆమె ఇంటర్నెట్‌లో రాసిన నాలుగు వాక్యాల్లో మూడు కాసులమ్మ గురించే. అవి చదివి ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్లు ఆ కథే అడిగారు. లవీనా ఒకసారి ఆయన ఎక్కిన డింగీ పడవ చేర్చింది, ఇంకోసారి ఒడ్డున మూడు రోజులు ఎదురుచూడటం చేర్చింది. అక్కడ మాత్రం ఇంగ్లీషులోనే చెప్పే ఆ మాటలు కాసులమ్మకి అర్థం కావు కదా అన్న ధైర్యం. ఇంతమంది తన పునుగుల్ని అంత ఇష్టంగా తింటున్నారని ఆమె మురిసిపోయేది.

జనవరిలో ఒకనాడు వచ్చిన ఆరుగురిలో సుమ అనే ఆమె ఉంది. విజయనగరంలో కాలేజీ లెక్చరర్. యాభై ఏళ్లుంటాయి. దారిపొడుగునా అందరికంటే వెనక నడిచింది, పెట్టినవన్నీ కొంచెం కొరికి పక్కన పెట్టింది. జంగ్లీఘాట్‌లో లవీనా ఎప్పటిలాగే కథ మొదలుపెట్టి మూడు రోజుల ఎదురుచూపు దగ్గరికి వచ్చేసరికి, సుమ అందరినీ దాటుకుని బండి దగ్గరికి వెళ్లి కాసులమ్మ చెయ్యి పట్టుకుంది. లవీనా ఆపేలోపే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది.

"మీ ఆయన సునామీలో పోయారటగా అమ్మా. మా ఆయన పోయి పదకొండు నెలలైంది. మీరు ఎలా తట్టుకున్నారు?"

కాసులమ్మ చేతిలో చిల్లుల గరిటె నూనె మీద అలాగే ఆగిపోయింది. ఆమె లవీనా వైపు చూసింది. ఒక్క క్షణమే. లవీనా తల దించుకుంది. దించుకుంటుండగా ఓరకంట కనిపించింది: కాసులమ్మ ఎడమ చేత్తో పైట చెంగు పైకి లాక్కుని, మెడలో పసుపుతాడుని కప్పుకుంది.

సుమ ఏడుస్తోంది. కాసులమ్మ పొయ్యి తగ్గించి, ఆమెని పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఏడుపొత్తే ఏడువమ్మా, ఆపుకోకు. గానీ వంట మాత్రం మానకు. ఒక్క పూటైనా పొయ్యి ఎలిగించకుండా ఉండకు. ఎవులు తిన్నా తినకపోయినా నువ్వు వండు. ఒండితే వొళ్లు లెగుత్తాది. వొళ్లు లెగిత్తే మనిషి లెగుత్తాది."

ఆ మాట చెప్పి, ఒక ఆకులో పునుగులు పోసి ఇచ్చింది. సుమ ఆ పునుగులన్నీ తినేసింది.

యాత్రికులు వెళ్లిపోయాక లవీనా అక్కడే నిలబడింది. కాసులమ్మ బాండీ దించి, స్టవ్ ఆపి, బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. చివరికి లవీనాయే నోరు తెరిచి, తప్పయిపోయింది పిన్నీ అంది.

"మాయాయన ఇంటికాడ కుర్సీలో కూకున్నాడు," అంది కాసులమ్మ. గొంతు పెంచలేదు. "నాలుగేళ్లయింది పచ్చవాతం వొచ్చి. పొద్దున్న ఈ సేత్తోనే ముద్దలు కలిపి ఎట్టి వొచ్చాను. ఆయన్ని నువ్వు సంపేసినావు. సరే, నీకు మాలూమ్ లేదు. గానీ ఆ తల్లి ఏడుత్తంటే, కాదమ్మా, మాయాయన బతికే ఉన్నాడని ఎలా సెప్పీది? పుస్తెలు దాసుకున్నాను. ఈ వయసులో నాసేత పుస్తెలు దాయించినావు."

రేపటి నుంచి నీ మనుషుల్ని నా బండికి తేవద్దు అని చెప్పి బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికొచ్చిన లవీనా ముఖం చూసి తల్లి ఎలీసబెతు ఏమైందని అడిగింది. లవీనా దాచకుండా చెప్పింది. తల్లి తిట్టలేదు.  కాసులమ్మ మొగుడంటే, డిగ్లీపూర్ ఓడలో వంట చేసిన లక్ష్ముడేనా అని అడిగింది. అయ్యుండొచ్చని, ఆ పేరు కూడా తనకు తెలియదని లవీనా అంది. తనకు తెలియదన్న మాట ఆమె ఆ రెండేళ్లలో పైకి అనడం అదే మొదటిసారి.

మరునాటి నడక రద్దుచేసి, పొద్దున్నే జంగ్లీఘాట్‌లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గట్టెక్కి, ముప్పై మెట్లు ఎక్కితే రేకుల ఇల్లు. కాసులమ్మ గుమ్మంలో కూర్చుని చేప ముళ్లు తీస్తోంది. లవీనాని చూసి పొమ్మనలేదు, రమ్మనలేదు. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. మూతి ఒక పక్కకి లాగినట్టుంది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

కాసులమ్మ పిండిలో చేప కలిపి, కొంచెం వేయించి, ఆయన నోట్లో పెట్టింది. ఆయన నెమ్మదిగా నమిలి ఎడమచేతి వేలొకటి ఎత్తాడు. ఆమె ఉప్పు వేసింది. మళ్లీ రుచి చూసి ఆయన చెయ్యి దించాడు. అప్పుడు గాని ఆమె గిన్నె మీద మూత పెట్టలేదు.

ఈ రుచి ఆయనదేనేమోనని లవీనాకి అప్పుడు తట్టింది. ఈ పునుగులు కాసులమ్మ అమ్మమ్మ శ్రీకాకుళంలో నేర్పినవని కూడా తను అందరికీ చెబుతూ వచ్చింది. అదీ ఎవరూ చెప్పింది కాదు. పిన్నీ, ఇవి ఎవరు కనిపెట్టారని అడిగింది.

ఆయనే, అంది కాసులమ్మ. డిగ్లీపూర్ వెళ్లే ఓడలో ముప్పై ఏళ్లు వంట చేశాడు. ఒకసారి తుఫానుకి ఓడ మాయాబందర్‌లో రెండు రోజులు ఆగిపోయింది. బియ్యం అయిపోయాయి. ఇడ్లీకని రుబ్బిన పిండి, ఎవరో జాలరి ఇచ్చిన ఒక పెద్ద సూర చేప మిగిలాయి. అవి రెండూ కలిపి వేయించి నూట పది మందికి పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఓడెక్కితే చాలు, జనం అవే అడిగేవాళ్లు. మంచాన పడ్డాక, ఆయన చేతి రుచి ఆయనతోనే పోకూడదని ఈమె బండి పెట్టింది.

"నువ్వేం సెప్పినావో ఆయనకి నువ్వే సెప్పు," అంది కాసులమ్మ.

లవీనా వెళ్లి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. హిందీ, తెలుగు కలిపి, తడబడుతూ మొత్తం చెప్పింది. డింగీ, సునామీ, మూడు రోజులు ఎదురుచూడటం, ఏదీ వదల్లేదు. లక్ష్ముడు కనుబొమలు ముడిచి విన్నాడు. ఒక్కో మాటా కష్టపడి బయటికి తెచ్చాడు.

"నాను... సముద్రంలోనా?" తల అడ్డంగా ఊపాడు. "నాకు... ఈతొచ్చు."

ఆ మాటతో ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని లవీనాకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన ఎడమ చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టాడు.

కాసులమ్మ నవ్వలేదు. ఆయన మనసు పెద్దది, నాకింకా కోపం పోలేదు అంది. ముందు ఆ విజయనగరం ఆవిడకి నిజం చెప్పమంది. ఆమె తన మాట పట్టుకుని వెళ్లింది, అబద్ధం మీద నిలబెట్టిన మాటతో ఆమెని ఇంటికి పంపకూడదంది.

సుమ అప్పటికి హావ్‌లాక్ దీవిలో ఉంది. లవీనా ఫోన్ చేసి చెప్పింది.  అంతా విని, ఎల్లుండి విమానానికి ముందు ఆ ఇంటికి తీసుకెళ్లగలరా అని సుమ అడిగింది.

మూడోనాడు పొద్దున్న తొమ్మిదింటికి ఇద్దరూ మెట్లెక్కారు.  గుమ్మం దగ్గర సుమ ఆగింది.

"ఆ సాయంత్రం హోటల్‌కి వెళ్లి మొదటిసారి కంటినిండా నిద్రపోయాను," అంది. "మా ఆయన పోయాక అలా ఎప్పుడూ పోలేదు. ఆవిడ తట్టుకున్నారు కదా, నేనూ తట్టుకోగలను అనుకున్నాను. ఇప్పుడు అది కూడా నాకు మిగల్చలేదు మీరు."

  లోపల్నుంచి కాసులమ్మ వచ్చింది. ఈసారి పసుపుతాడు పైటమీదే ఉంది.

"కూకో అమ్మా," అంది సుమతో. "మాయాయన పోనేదు, అది నిజివే. గానీ వంట మానకు అని నాను సెప్పింది అబద్దం కాదు. ఈయన పడిపోయిన కొత్తలో నెల్లాళ్లు నాను పొయ్యి ముట్టుకోనేదు. పక్కింటోళ్లు పెడితే తినీవోళ్లం. ఒకనాడు ఈయనే, మాట రాక, ఖాళీ గిన్నె సూపించినాడు. లెగిసి వండినాను. ఆ నాడు నాకు నాను సెప్పుకున్న మాటే నీకు సెప్పినాను."

సుమ గోడకి ఆనుకుని కూర్చుంది. లక్ష్ముడి వైపు చూసింది. ఆయన తల కొద్దిగా వంచి నమస్కారంలాంటిది చేశాడు. సుమ రెండు చేతులూ జోడించింది. తన భర్తకి పెసరట్టు ఇష్టమని, ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో పెసలు నానబెట్టలేదని చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది. ఆయన పేరు, ఆయన స్కూటరు, ఆస్పత్రిలో చివరి వారం. కాసులమ్మ ఉల్లిపాయలు తరుగుతూ వింది. లవీనా గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని, వాళ్లిద్దరి మాటల్లోకి తల దూర్చకుండా ఊరుకుంది.

విమానానికి టైం అవుతోందని లేచినప్పుడు సుమ లవీనా దగ్గర ఆగింది. కోపం పోలేదని ముఖంలోనే తెలుస్తోంది. అయినా, ఫోన్ చేసి చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు కదా అంది. చెప్పి మాత్రం మంచి పనే చేశారంటూ ఆటో ఎక్కింది.

ఆ వారంలో లవీనా నడకలేవీ పెట్టుకోలేదు. నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని, ఖాళీ వేళల్లో ఒక్కో బండి దగ్గరికీ వెళ్లి కూర్చుంది. పరోటా వేసే అన్న వాళ్ల తాత మదురై నుంచి వచ్చాడని ఇన్నాళ్లూ చెప్పింది; నిజానికి ఆ తాత బర్మా నుంచి వచ్చినవాడు. ధుస్కా అమ్మే దీదీ అత్తగారు అడవి కూలీగా వచ్చి, కలప దుంగ కింద పడి కాలు పోగొట్టుకుంది. ఇవేవీ ఎవరూ దాచలేదు. అడిగినవాళ్లే లేరు. కొన్ని విషయాలు చెప్పి, ఇవి నీ టూరిస్టులకి చెప్పకు బేటీ అన్నారు. అలాంటివాటి పక్కన చిన్న గీత పెట్టుకుంది.

ఇంటర్నెట్‌లో ఉన్న పాత రివ్యూల కింద, కాసులమ్మ గురించి తాను చెప్పింది తప్పని, ఆమె భర్త బతికే ఉన్నారని రాసింది. దాంతో కొందరు మండిపడ్డారు. ముందుగా మాట్లాడుకున్న రెండు జట్లు రాలేదు. మళ్లీ మొదలుపెట్టిన నడక నాలుగు చోట్లతోనే ముగిసేది. గోల్‌ఘర్ దాటి దిగేది కాదు. కింద నుంచి నూనె వాసన వస్తే యాత్రికులు అటు చూసేవాళ్లు. ఆమె ఇటు తిప్పేది.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కాసులమ్మ. ఎలా ఉన్నావని అడగలేదు. ఆయన రోజూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడని, జనం రావట్లేదేమని వేళ్లతో అడుగుతున్నాడని చెప్పింది. పచ్చవాతం సంగతి ఎత్తొద్దంది. ఓడ సంగతి, మాయాబందర్ సంగతి చెప్పుకోమంది. ఎవరైనా ఆయన్ని చూస్తామంటే, ముందు తనని అడగాలంది.

అలాగే పిన్నీ అంది లవీనా.

"రేపు ఎంతమందొత్తారో ఇప్పుడే సెప్పు," అంది కాసులమ్మ. "మినప్పప్పు నానబెట్టాల."