పొగడ్తకు లైనింగు

అత్తగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మర్నాడే నీటి శాఖవాళ్లు గుమ్మం ముందు గొయ్యి తవ్వారు. నడుము లోతు, ఆరడుగుల వెడల్పు. గొట్టం వేసి, మట్టి గట్టునే వదిలి వెళ్లిపోయారు. అడ్డంగా వేసిన చెక్కపలక మీద ఒక మనిషి నడవొచ్చు. వాకరు కాళ్లు దాని మీద పట్టవు. కుర్చీలో కూర్చోబెట్టి మోసేవాళ్లూ పట్టరు.

డాక్టరు గడువు పెట్టాడు. ఆరు వారాల్లో మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. వంగకపోతే బిగుసుకుపోతుంది, ఇక ఆ కాలు ఎప్పుడూ చాపుకునే కూర్చోవాలి. వ్యాయామం చేయించే కేంద్రం రెండు వీధుల అవతల ఉంది.

కోడలు దర్జీ. ముందు గదిలోనే కుట్టుమిషను. రోజూ పొద్దున అత్తగారిని మంచం అంచున కూర్చోబెట్టి, బట్ట మీద గీతలు గీసే, సరిగ్గా తొంభై డిగ్రీల మూల ఉన్న ఎల్ స్కేలు మోకాలి పక్కన పెట్టి చూసేది. స్కేలు ఒక కొస తొడ వెంట, ఇంకో కొస పిక్క వెంట. పాదం స్కేలు దాటి జానెడు ముందుకుండేది.

నీటి శాఖకు ఉత్తరం రాసి తీసుకెళ్లింది. ఉత్తరాలు తీసుకునే గుమాస్తా తలెత్తకుండా, "అక్కడ పెట్టి వెళ్లండమ్మా" అన్నాడు. రసీదు పుస్తకం అయిపోయిందట. వారానికి రెండో ఉత్తరం ఇచ్చింది. పుస్తకం ఇంకా రాలేదట.

పన్నెండో రోజున ఫిర్యాదుల కార్యాలయానికి వెళ్లింది. ప్రభుత్వ శాఖల మీద జనం గోడు వినడానికి పెట్టిన ఆఫీసు అది. రెండు గదులు, ఒక బెంచీ, ఒక అధికారిణి. ఆమె అంతా విని మంచినీళ్లిచ్చింది.

"మేం మొదటి మెట్టు కాదమ్మా. ముందు ఆ శాఖకే రాయాలి. పదిహేను రోజుల్లో పని కాకపోతే అప్పుడు మేం అడుగుతాం."

"రెండుసార్లు రాశానండి."

"రసీదు?"

"అదే కదండీ ఇవ్వట్లేదు!"

"ఇవ్వరని నాకూ తెలుసు. కాగితం లేకుండా నేనేం చెయ్యను చెప్పండి?"

ఇంటికొచ్చి ఆ ముక్కే చెప్పింది. అత్తగారు స్టూలు మీద కాలు పెట్టుకుని విన్నది. ఆవిడ ఇంకో శాఖలో అలాంటి బల్ల దగ్గరే ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయింది.

"రసీదిస్తే ఆ రోజు నుంచి పదిహేను రోజులు లెక్కపెడతారు. ఇవ్వకపోతే లెక్కే లేదు. వాడు తెలివితక్కువవాడేం కాదే అమ్మాయ్."

"మీకెలా తెలుసు?"

"నేనూ అదే చేశాగా."

"ఎంతమందికి ఎగ్గొట్టారేంటి అత్తయ్యా?"

"గుర్తులేదు. అందుకే మోకాలు పోయిందంటావా?"

"నేనేం అనలేదు."

"నువ్వనలేదు, నీ మొహం అంటోంది. కాగితం తీసుకో."

ముప్పై ఏళ్లలో ఆవిడ బల్ల మీద ఒక్క రకం ఉత్తరం మాత్రం ఎప్పుడూ తప్పిపోలేదు. ఎవరైనా ఒక ఉద్యోగిని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం. అది సర్వీసు రికార్డులోకి వెళ్తుంది కాబట్టి ఆ నిమిషమే ముద్ర పడుతుంది, రసీదు వస్తుంది.

"మొదటి పుటలో వాణ్ని పొగుడు. రెండో పుటలో గొయ్యి సంగతి రాయి. అబద్ధం మాత్రం వద్దు, అది ప్రభుత్వ కాగితం."

"ఆ మనిషిలో పొగడ్డానికేముందండీ?"

"పదింటికి సీట్లో ఉన్నాడా?"

"రెండుసార్లూ ఉన్నాడు."

"రాయి."

"పెన్ను అడిగితే ఇచ్చాడు."

"రాయి."

"రెండోసారి కూర్చోమన్నాడు. కుర్చీ లేదు."

"కూర్చోమన్నాడని రాయి. కుర్చీ సంగతి రెండో పుటలో."

పైన 'మొత్తం రెండు పుటలు' అని రాసింది. పిన్ను పెడితే ఊడుతుందని రెండు కాగితాల అంచులూ కలిపి మిషను మీద ఒక కుట్టు వేసింది. పైగుడ్డా లైనింగూ కలిపినట్టే.

గుమాస్తా మొదటి పుట రెండుసార్లు చదివాడు. పక్క సీటాయన్ని పిలిచి చూపించాడు. సొరుగులోంచి రసీదు పుస్తకం బయటికొచ్చింది. అందులో 'రెండు పుటలు' అని ఎక్కించి ముద్ర కొట్టాడు.

"ఈ రోజుల్లో ఇలా ఎవరు రాస్తారమ్మా!"

"రెండో పుట కూడా చదవండి."

"తీరిగ్గా చదువుకుంటాలే."

పదో రోజున నీటి శాఖ నుంచి జవాబొచ్చింది. 'మీ ప్రశంసకు కృతజ్ఞతలు' అని ఉంది. గొయ్యి ఊసు లేదు. పైన రసీదు నంబరు వేశారు.

పదిహేను రోజులూ గడిచాక కోడలు రసీదూ, జవాబూ, తన ఉత్తరం నకలూ పట్టుకుని ఫిర్యాదుల కార్యాలయానికి వెళ్లింది. ఇంట్లో చేసే వ్యాయామంతో అప్పటికి స్కేలుకీ పాదానికీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. అది అంతకు మించి తగ్గడం మానేసి వారమైంది.

అధికారిణి మొదటి పుట చదివింది, రెండోది చదివింది, జవాబు చదివింది. నవ్వు ఆపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను రసీదు తెమ్మంటే మీరు జవాబే పట్టుకొచ్చారు. ఇక అందలేదని అనలేరు."

వారంలో గొయ్యి పూడ్చాలనీ, లేకపోతే ఇంజనీరే వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలనీ అప్పటికప్పుడు నోటీసు రాయించింది.

ఆరో రోజున మట్టి పూడ్చారు, రోలరు నడిపారు. పని అయినట్టు సంతకం కోసం గుమాస్తానే వచ్చాడు.

"రెండో పుట చూసుకోలేదమ్మా."

"చదవమని చెప్పానుగా."

"మొదటి పుట మాత్రం వెనక్కి తీసుకోరు కదా?"

"ఎందుకు తీసుకుంటాం నాయనా? అందులో అబద్ధమేముంది?" అని అత్తగారు గుమ్మంలోంచి అంది. "ఏదీ, ఎక్కడ పెట్టాలి సంతకం? రసీదిస్తావా మరి?"

గుమాస్తా సంచిలోంచి పుస్తకం తీశాడు.

గడువుకు ఎనిమిది రోజులే మిగిలాయి. అత్తగారు ఆ ఎనిమిది రోజులూ వాకరుతో నడిచి వెళ్లింది, పళ్లు బిగబట్టి వంచింది. చివరి రోజున వ్యాయామం చేయించేవాడు కొలిచే పరికరం తీయబోతే వద్దంది.

"మా అమ్మాయి స్కేలు పెట్టి చూడనీ."

కోడలు సంచిలోంచి ఎల్ స్కేలు తీసి మోకాలి పక్కన ఆనించింది. వంగి చూసింది.

"ఎంత?"

"నూలుపోగు పట్టేంత సందుందత్తయ్యా."

"అది సరిపోదా?"

"ఎంత బాగా కుదిరిన జాకెట్టుకైనా అంత వదులు ఉంచుతాం. లేవండి, ఇంటికెళ్దాం."