పిలిస్తే వచ్చినవాళ్ళు

టప్... టప్... టప్...

చూరు నుంచి నీళ్ళు. కిటికీ బయట, ఇనుప మెట్ల మీద.

కెనడాలోని హామిల్టన్‌లో మంచు కరుగుతోంది. ఊరంతా కోటు గుండీలు విప్పుకుని తిరుగుతోంది.

నాజో బీబీ మాత్రం కిటికీ మూసెయ్యమంది.

కిటికీ మూసే ఉంది.

"ఇంకా గట్టిగా," అంది.

వల్లి కిటికీ అంచున తువ్వాలు కుక్కింది. చప్పుడు తగ్గింది. ఆగలేదు.

చలికాలమంతా ఈ పెద్దావిడ బాగానే ఉంది. సరస్సు మీంచి వీచే గాలికి జనం ముడుచుకుపోయిన రోజుల్లో, టీలో యాలకులు వేయించుకుని తాగింది. ఉక్కు ఫ్యాక్టరీ పొగ కూడా గడ్డకట్టినట్టుండే పొద్దుల్లో, తెల్లటి వీధిని చూసి నవ్వుకుంది.

మంచు ఉంటే ఆమెకి ధైర్యం.

మంచు కరిగితే భయం.

ఎందుకో మొదట్లో వల్లికి తెలియలేదు.

వల్లి ఆ ఇంటికి పనికి వచ్చేది. పెద్దవాళ్ళకి తోడుగా మనుషుల్ని పంపే ఏజెన్సీ ఒకటి పంపింది. వంట, మందులు, స్నానానికి సాయం, కాసేపు కబుర్లు. మిగతా వేళల్లో కాలేజీ. ఆ ఏడాది విమానాల నిండా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే దిగారు. పంజాబ్ నుంచి, గుజరాత్ నుంచి, విజయవాడ చుట్టుపక్కల నుంచి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు. కెనడానే రమ్మని పిలిచిందని అందరూ అనుకున్నారు. తీరా వచ్చాక, ఎందుకొచ్చారన్నట్టు చూసేవాళ్ళూ ఉన్నారు.

నాజో బీబీది అఫ్ఘానిస్తాన్. కునార్ నది పక్కన, కొండల్లో ఊరు. కొడుకు హమీద్ మిస్సిసాగాలో ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో పనిచేస్తాడు. పెషావర్ శరణార్థి శిబిరంలో ఏళ్ళ తరబడి ఉన్న ఆమెకి ఉర్దూ వచ్చు. వల్లికి బళ్ళో నేర్చుకున్న హిందీ వచ్చు. రెండూ కలిపి మాట్లాడుకునేవారు. అతుకుల మాటలు. అయినా సరిపోయేవి.

తన కథని ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. ఉల్లిపాయలు తరుగుతూ కాస్త. జడ వేయించుకుంటూ కాస్త.

ఆమెకి ఇద్దరన్నలు. పెద్దన్న కాబూల్‌లో పంతులు. కమ్యూనిస్టు. పేదలకి భూములిస్తాం, ఆడపిల్లల్ని చదివిస్తాం అన్నాడు. రాత్రికి రాత్రే అంతా మారిపోవాలన్నాడు. కాదన్నవాళ్ళని అతని పార్టీ జైల్లో పెట్టింది. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

కొండలు తిరగబడ్డాయి. చిన్నన్న ఆ కొండల్లోకి పోయాడు.

అప్పుడు పెద్దన్న పార్టీ ఉత్తరాన ఉన్న పెద్ద దేశాన్ని పిలిచింది. రండి, కాపాడండి అని.

వచ్చారు. నడి చలికాలంలో, విమానాల్లో. వచ్చి, పిలిచిన నాయకుణ్ణే ముందు చంపేశారు. అతని మనుషుల్ని ఏరేశారు. పెద్దన్న శవం కూడా ఇంటికి రాలేదు.

చిన్నన్న చేతికి సరిహద్దు అవతల నుంచి తుపాకి వచ్చింది. అమెరికా డబ్బు, పాకిస్తాన్ దారి.

"తుపాకి కొత్తది," అంది నాజో బీబీ. "కాళ్ళకి మాత్రం చెప్పుల్లేవు."

చలికాలమంతా కొండదారులు మూసుకుపోయేవి. ట్యాంకులు రాలేకపోయేవి. పిల్లలు బయట ఆడుకునేవారు.

మంచు కరిగితే దారులు తెరుచుకునేవి.

దారులు తెరుచుకుంటే — వచ్చేవారు.

టప్... టప్...

అంతవరకే చెప్పింది. ఆ తర్వాత ఏమైందని అడిగితే, "జడ గట్టిగా వెయ్యి," అనేది.

వల్లి కూడా ఒకటి దాచింది.

ఆమె అసలు పేరు వాలెంటీనా. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ పేరు. పెట్టింది తాత కోదండరామ్. చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఎర్రజెండా మోసిన మనిషి. ఆ ఇంటినిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. ఆ నున్నటి కాగితాల వాసనలోనే వల్లి అక్షరాలు దిద్దుకుంది. అందరూ వల్లి అంటారు. తాత ఒక్కడే పూర్తి పేరు పిలుస్తాడు, నోరారా.

ఆ మాస్కో సైన్యం అఫ్ఘానిస్తాన్ వెళ్ళినప్పుడు తాత ఊళ్ళో ఊరేగింపు తీశాడు. సోదర ప్రజలకి అండగా వెళ్ళిందని. ఇంట్లో ఆ ఊరేగింపు గురించి పెళ్ళి ముచ్చట్లలా చెప్పుకునేవారు.

నాజో బీబీ జడ వేస్తూ వల్లి ఆ మాట మింగేది. ప్రతిసారీ.

ఆ పొద్దున, చూరు ఆగకుండా కారుతున్న ఆ పొద్దున, ఫోన్ మోగింది. వీడియో కాల్. వల్లి చేతులు రొట్టెపిండిలో ఉన్నాయి. వేలి కణుపుతో నొక్కింది.

"వాలెంటీనా! ఏం చేస్తున్నావే తల్లీ?"

నాజో బీబీ చేతిలో టీ గ్లాసు ఆగింది.

"ఏమని పిలిచాడు?"

వల్లి పిండి చేతులు వెనక్కి తీసుకుంది.

"అది రూసీ పేరు."

"...నా పేరే, బీబీ. మా తాత పెట్టాడు. ఆయనకి వాళ్ళంటే... ఇష్టం."

ఆమె గ్లాసు కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. అరిచినా బాగుండేదనిపించింది వల్లికి.

"అడుగు," అంది. "వాళ్ళు మా ఊరికి ఎందుకొచ్చారో అడుగు."

వల్లి తెలుగులో అడిగింది.

తాత సభలో ప్రశ్న వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాడు. "పిలిస్తేనే వెళ్ళారని చెప్పమ్మా. అక్కడి ప్రభుత్వమే పిలిచింది. ఆడపిల్లలకి బళ్ళు పెట్టారు. ఆస్పత్రులు కట్టారు. అమెరికావాడు వెనకనుంచి తుపాకులు దించకపోతే—"

వల్లి హిందీలో చెప్పింది. సగం మెత్తబరిచి.

"మెత్తగా చెప్పకు. ఆయన ముఖం నాకు కనిపిస్తోంది."

మళ్ళీ చెప్పింది. ఉన్నదున్నట్టు.

నాజో బీబీ తెరకి దగ్గరగా జరిగింది.

"పిలిచింది నా అన్నే. చంపింది వాళ్ళు. బడి కట్టారు, నిజమే. నా కూతురు అందులో చదివింది. ఆ బడి కూలింది. కూల్చింది వాళ్ళ బాంబో, మావాళ్ళ రాకెట్టో నాకు తెలియదు. ఆయనకి తెలుసేమో అడుగు."

వల్లి అడిగింది.

"యుద్ధమన్నాక..." అని మొదలుపెట్టాడు తాత. ఆగాడు.

తెర నల్లబడింది. కాల్ కట్ అయిందో, ఆయనే కట్ చేశాడో.

"వెళ్ళు," అంది నాజో బీబీ.

వల్లి చేతులకి పిండి ఇంకా అంటుకునే ఉంది. అలాగే కోటు తొడుక్కుంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో — కాలేజీకి వెళ్ళింది. పాఠం వినబడలేదు. బేస్‌మెంట్ గోడల్లోంచి తడి దిగుతుంటే పక్కమీద కూర్చుని ఫోన్ వంక చూసింది. తాత ఫోన్ చేయలేదు. అమ్మ చేసింది.

"తాతని ఏమన్నావే? అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. ఆ పుస్తకాల గది తలుపు కూడా తియ్యట్లేదు."

"నేనేం అనలేదమ్మా. ఒకావిడ అన్నది చెప్పానంతే."

అంతేనా? అంతేనని తనకీ నమ్మకం లేదు.

ఒకరోజు హమీద్ ఫోన్ చేశాడు.

"సిస్టర్, అమ్మ వేరే మనిషిని లోపలికి రానివ్వట్లేదు. నిన్నే అడుగుతోంది."

"కోపం పోయిందా?"

"లేదు. కోపంగానే అడుగుతోంది."

వల్లి వెళ్ళింది.

తలుపు ఎదురుగానే కుర్చీ వేసుకుని ఉంది నాజో బీబీ. జడ లేదు. నెరిసిన జుట్టు భుజాల మీద చిక్కుపడి ఉంది.

"వాలెంటీనా," అంది. ఒక్కో అక్షరం విడివిడిగా, నోట్లోంచి రాళ్ళు తీస్తున్నట్టు. "ఆయనకి ఫోన్ చెయ్యి. ఇంకా చెప్పాల్సింది ఉంది."

"ఆయన పెద్దవాడు, బీబీ. ఒంట్లో బాగోలేదు."

"నేనూ పెద్దదాన్నే."

చేస్తే తాత ఏమైపోతాడో. చేయకపోతే ఈమె. మధ్యలో తన వేలు.

నొక్కింది.

చాలాసేపు మోగింది. ఎత్తడనుకుంది. ఎత్తకపోతే బాగుండుననుకుంది.

ఎత్తాడు. గడ్డం మాసి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి.

"ఆవిడ ఉన్నారా?"

"ఉన్నారు తాతా."

"చెప్పమను. వింటా."

నాజో బీబీ చెప్పడం మొదలుపెట్టింది. వల్లి వెనకే తెలుగులోకి తెచ్చింది. ఆవిడ అంటోంది తాతా... ఆవిడ అంటోంది...

దారులు తెరుచుకున్నాయి. ఊరు ఖాళీ అయింది. వెనక ట్యాంకులు. ముందు ఏరు. మంచు కరిగి ఒడ్లు కోస్తున్న ఏరు. హమీద్ పసివాడు, వీపున కట్టుకుంది. కూతురు చెయ్యి చేతిలో.

ఆవిడ అంటోంది...

ఎక్కడో ఆ మాట రాలిపోయింది. వల్లికి తెలియలేదు.

"నడుములోతు నీళ్ళు. చల్లదనానికి వేళ్ళు తెలియడం లేదు. వెనక ఏదో పేలింది. ఉలిక్కిపడ్డాను. చెయ్యి..."

నాజో బీబీ ఆగింది. కళ్ళు మూసుకుంది. తర్వాత ఒకే ఒక్క మాట అంది.

వల్లి దాన్ని తెలుగులో అంది.

"వదిలేశాను."

వదిలేసింది అనలేదు. వదిలేశాను అంది.

తెర మీద తాత పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. ఆయన నాజో బీబీని చూడడం లేదు. మనవరాలినే చూస్తున్నాడు, నీళ్ళలో నిలబడి ఉన్నది ఆమే అయినట్టు.

నాజో బీబీ కళ్ళు తెరిచింది. తెర వంక చూసింది. వల్లి వంక చూసింది.

"ఏమన్నాడు?" అంది.