నాన్నగారి దగ్గు

మా నాన్నగారిని ఇంట్లోంచి ఎవరూ పొమ్మనలేదు. పొగబెట్టారంతే. ముందు ఆయన గ్లాసు వేరుగా పెట్టారు. తరవాత కంచం. ఆ తరవాత మా వదిన సూర్యకాంతం పిల్లవాడి ఉయ్యాలని ఆయన గదికి దూరంగా వెనక వసారాలోకి మార్పించింది. ఒకరోజు పొద్దున్నే ఆయన పంచెలు సంచిలో పెట్టుకుని, కైకలూరు దగ్గర మా చేపల చెరువు గట్టు మీదున్న రేకుల షెడ్డుకి వెళ్ళిపోయారు.

ఇదంతా గణపవరంలో, మా పుట్టింట్లో జరిగింది. పిల్లవాడి పేరు అభినవ్. మా అన్నయ్య కొడుకు ఫణీంద్రకీ నా పెద్ద కూతురు లక్ష్మీప్రసన్నకీ పుట్టినవాడు. సూర్యకాంతం వాడికి నాయనమ్మ, నేను అమ్మమ్మని. మా నాన్నగారు నాగభూషణరావు రెండు వైపులా ముత్తాతే. మేనరికం మా ఇంట్లో కొత్తేమీ కాదు. పొలం చీలదు, పిల్ల కళ్ళ ముందే ఉంటుంది, అంతకంటే ఏం కావాలి? నా రెండో కూతురు లహరిని ఫణీంద్ర తమ్ముడు పృథ్వీకి ఇవ్వాలని కూడా ఎప్పుడో అనుకున్నాం.

అభినవ్‌కి ఇంకా బోర్లాపడకముందే ఎడమ చంకలో గడ్డ లేచింది. చితికింది గానీ మానలేదు. జ్వరం పట్టుకుంది, మెడ చుట్టూ గడ్డలు కట్టాయి, పిల్లాడు చిక్కి సగమైపోయాడు. ఏలూరు ఆస్పత్రిలో క్షయ అన్నారు. పాలు తాగే పసివాడికి క్షయ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంట్లో దగ్గే మనిషి ఒక్కరే. చుట్టలు కాల్చి కాల్చి నాన్నగారికి ఎప్పట్నుంచో దగ్గు. ఆయన కళ్ళె పరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు.

"పరీక్షలకి అన్నీ తెలుస్తాయేంటి ఇందుమతీ?" అంది వదిన.

నాకు ఒళ్ళు మండింది. కానీ మనవణ్ణి భుజం మీంచి దించకుండా తిరిగి తిరిగి ఆవిడ కళ్ళు లోతుకు పోయాయి. కోపం మింగి పిల్లాణ్ణి నా భుజం మీదికి తీసుకున్నాను.

పిల్లవాడు మందులకి సరిగ్గా లొంగడం లేదని డాక్టరమ్మ వాడి రక్తం హైదరాబాదు పంపించింది. ఫలితాలొచ్చాక మా అందర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇది ఎవరి దగ్గులోంచీ వచ్చింది కాదండీ. పుట్టగానే వేసిన బీసీజీ టీకాలోని క్రిమే ఇది" అంది.

"అయితే టీకా వేయించకుండా ఉండాల్సిందా అండీ?" అన్నాడు ఫణీంద్ర.

"టీకా మంచిదేనండీ. అందులో ఉండేది బలం తీసేసిన క్రిమి. పిల్లలందరి ఒళ్ళూ దాన్ని అణిచేస్తుంది, అలాగే క్షయని ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. ఈ జాతి క్రిముల్ని అణిచే శక్తి మీ బాబుకి పుట్టుకతోనే లోపించింది. తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు కలిస్తేనే ఇలాంటి లోపం బయటపడుతుంది. ఒక్క వంతే ఉన్నవాళ్ళకి ఏమీ కాదు. మీది మేనరికమా అండీ?"

"మేనత్త కూతురేనండీ" అన్నాడు ఫణీంద్ర. మందులు మారుస్తామనీ, కొత్త ఇంజెక్షన్లు మొదలుపెడతామనీ, చాలా కాలం పడుతుందనీ, ఆశ మాత్రం వదలొద్దనీ చెప్పింది. మా నాన్నగారు ఇంటికి రావచ్చా అని అడిగాను.

"నిక్షేపంగా రావచ్చండీ. చుట్ట మాత్రం మాన్పించండి."

బయటికొచ్చాక వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నేనేం మొహం పెట్టుకుని పిలవను? నువ్వే తీసుకురా."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళంతా అంటారు. ఆ రోజు మాత్రం దగ్గు సంగతి ఒక్కటే చెప్పి, రక్తం సంగతి దాచాలనుకునే బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి చెరువు దగ్గర వ్యాను ఆగి ఉంది. నాన్నగారి చేపపిల్లలకి ఆ చుట్టుపక్కలంతా పేరు, తెగులొచ్చినా నిలబడతాయని. అందుకోసం ఆయన ఏటా వేరే జిల్లాల నుంచి మగ చేపల్ని తెప్పించి, మా తల్లి చేపలతో కలిపి పిల్లలు తీయిస్తారు. పనివాళ్ళు వాటినే తొట్టెలోకి దించుతున్నారు. నన్ను చూడగానే నాన్నగారు తుండు మూతికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

"తీసెయ్యండి నాన్నగారూ. వాడి జబ్బు మీ వల్ల రాలేదు. టీకాలోంచి వచ్చిందట."

ఆయన తుండు తీయలేదు. "టీకా అందరూ వేయిస్తారుగా. వీడికే ఎందుకొచ్చింది?"

"ఒంట్లో తట్టుకునే శక్తి లేదుట."

"ఎందుకు లేదు?"

నేను దిక్కులు చూశాను. ఆయన తొట్టెలోని చేపల వైపు చూశారు. "తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీనా?" అన్నారు.

తల ఊపాను.

"ఆ రెండూ కలిసేది నా దగ్గరే కదే."

"అమ్మ దగ్గర కూడా. ఆవిడది కావచ్చుగా?"

"పోయినదాని మీద పెట్టకు." ఆయన గట్టు మీద కూలబడ్డారు. "ఒకే చెరువు చేపల్ని కలిపినా పిల్లలు పుడతాయమ్మా, చక్కగా ఈదుతాయి. తెగులొచ్చిన రోజున తెల్లారేసరికి తేలిపోతాయి. అది తెలిసే, చేపలకి ఊళ్ళు తిరిగి సంబంధాలు వెతికాను. మీ పిల్లల్ని మాత్రం గడప దాటకుండా చేశాను."

ఆయన తుండు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"దగ్గు నాదైతే ఈ దూరం సరిపోయింది. రక్తం నాదైతే ఎంత దూరం పోవాలి, చెప్పు?"

అప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. "ఎక్కడికీ పోనక్కర్లేదు. వాడు ఇప్పుడు ఆ నీరసంలోనే పాకుతూ వెళ్ళి మీ గది తలుపు కొడుతున్నాడు. మీకు ఆ చప్పుడు వినపడదు, మాకు వినపడుతుంది. లేచి కారెక్కండి."

ఆయన లేవలేదు. "లహరి సంగతేంటి?"

పృథ్వీ నా ఒళ్ళో పెరిగిన పిల్లాడు. వాడు నాకు అల్లుడు కాడనుకుంటే ప్రాణం పోయినట్టయింది. అయినా చెప్పాను. "బయటి సంబంధం చూస్తానండీ."

"ఒట్టు?"

"మీ మీదొట్టు."

అప్పుడు లేచారు.

గణపవరంలో కారు దిగేసరికి వదిన అభినవ్‌ని ఎత్తుకుని గుమ్మంలోనే ఉంది. పిల్లాణ్ణి ఆయన ముందుకు చాపింది. నాన్నగారు అందుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడిగారు. మళ్ళీ కడిగారు. మోచేతుల దాకా రుద్ది రుద్ది ఇంకా కడుగుతూనే ఉన్నారు.

వదిన వెళ్ళి కుళాయి కట్టేసింది. "చాలు మామయ్యగారూ. అది కడిగితే పోయేది కాదుట. మీరు ఎత్తుకుంటే వచ్చేదీ కాదుట" అని పిల్లాణ్ణి ఆ తడిచేతుల్లోనే పెట్టింది.