పద్దెనిమిది పేర్లు

జిల్లా కచేరీ గుమాస్తా ఫాంగ్ కాగితం చదువుతున్నంతసేపూ రాతిపని చేసే లూ షిగెన్ ఉలికి సాన పెడుతూనే ఉన్నాడు. చదవడానికి నాలుగే వాక్యాలు. ఈ ఊళ్ళో దొంగల ముఠా ఉండేదనీ, పరదేశీ ప్రభువుల సైన్యం దాన్ని న్యాయంగా శిక్షించిందనీ, మిగిలినవాళ్ళు వారి దయవల్లే బతుకుతున్నారనీ, ఇకమీదట ఎవరూ తలెత్తకూడదనీ. వాటిని నిలువెత్తు రాతి మీద చెక్కి, పదిరోజుల్లో ఊరి మొదట్లో నిలబెట్టాలి.

ఆ దొంగల్లో లూ కొడుకు గెంగ్‌షెంగ్ ఒకడు. రైలు వచ్చాక అతని కంచరగాడిద బండిని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. వానలు కూడా మొహం చాటేసిన పోయినేటి వేసవిలో, పరదేశీ దయ్యాల్ని తరిమితే మబ్బు కరుగుతుందని చెప్పే పిడికిళ్ళ దండులో చేరి, తలకి ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు. మంత్రం చదివిన ఒంట్లోకి తూటా దిగదన్నారు. దిగింది. రైలుకట్ట పక్కన అతనితో కలిపి ఊరివాళ్ళు పదిహేడుమంది ఒక్క పూటలో పోయారు.

"పోయినేడు ఈ జిల్లా అధికారి గారే వాళ్ళకి కొర్రలు పంచి, ధర్మవీరులని గోడల మీద కాగితాలు అంటించారుగా?" అన్నాడు లూ.

"అది పోయినేటి మాట మేస్త్రీ. అప్పుడు రాజధాని నుంచి ఆ మాట వచ్చింది, ఇప్పుడీ మాట వచ్చింది."

"మాట మారినప్పుడల్లా మావాడు మారతాడా?"

ఫాంగ్ ఆవలించాడు. నల్లమందు వేళ దాటిపోతోంది. పాలిష్ పట్టిన రాతి మీద అక్షరాలు సిరాతో తనే రాసి, సరిచూసుకుని, వాటి వెంబడే ఉలి నడపమని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ అటు తొంగిచూడలేదు.

లూ ఆ రోజంతా రాయి ముందే కూర్చున్నాడు. పని మొదలుపెట్టమని భార్య తింగ్ బతిమాలింది. ఉన్న ఒక్కడూ పోయాడు, ఇంక నీ చేతులు కూడా పోగొట్టుకుంటావా అంది. అతను ఉలి ముట్టుకోలేదు. చాలాసేపటికి ఆమే బావి దగ్గరికి వెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చి, చీపురు పుల్లలతో రాతి మీది సిరా కడగడం మొదలుపెట్టింది. లూ లేచి ఆమె చేతిలోంచి చీపురు తీసుకున్నాడు.

పదిహేడు పేర్లు చెక్కాడు. పద్దెనిమిదోది మొదలుపెట్టినప్పుడు తింగ్ కంగారుపడింది. అది వెయ్ భార్య పేరు. వెయ్ అంతకుముందు చర్చిలో వంటవాడు. ఫాదరు దగ్గర పరదేశీల భాష నేర్చి, ఇప్పుడు వాళ్ళ సైన్యం దొరకి దుబాసీగా తిరుగుతున్నాడు. దండువాళ్ళు అతని ఇల్లు తగలబెట్టి, అడ్డంపడిన భార్యని వీధిలో కొట్టి చంపారు. ఆ గుంపులో గెంగ్‌షెంగ్ ఉన్నాడు. ఆమె అరుపులు వింటూ లూ తలుపు తియ్యలేదు.

"ఆమె పేరు చూస్తే వెయ్ ఊరుకుంటాడా?" అంది తింగ్.

"ఊరుకోకపోతే పోనీ. ఆమె ఈ ఊరిది కాదంటే మనవాడూ ఈ ఊరివాడు కాడు."

పేర్ల కింద ఒకే వాక్యం చెక్కాడు: వీళ్ళంతా ఈ ఊరివాళ్ళు.

పదోరోజు పరదేశీ దొర గుర్రం మీద వచ్చాడు. వెనక ముప్ఫైమంది తుపాకులవాళ్ళు, పక్కన వెయ్. జిల్లా అధికారి స్వయంగా రాతి మీది గుడ్డ లాగాడు. లాగి, చూసి, కొయ్యబారిపోయాడు. చదువొచ్చిన ముసలాళ్ళు లోగొంతుతో పేర్లు చదవసాగారు. ఒక తల్లి మోకాళ్ళ మీద కూలబడింది.

తప్పు జరిగిందంటే దొర ముందు మొదట ఊడేది తన ఉద్యోగపు టోపీయేనని అధికారికి తెలుసు. చేతిలోని కాగితం విప్పి, ఆ నాలుగు వాక్యాలే రాతి మీద ఉన్నట్టు గట్టిగా చదివాడు. దొర వెయ్ వైపు తిరిగాడు.

వెయ్ రాతినే చూస్తున్నాడు. కళ్ళు కిందికి దిగి పద్దెనిమిదో పేరు దగ్గర ఆగాయి. లూ అతని మొహంలోకే సూటిగా చూశాడు, తల వంచలేదు. వెయ్ దొర వైపు తిరిగి, అధికారి చదివిన నాలుగు వాక్యాల్నీ దొర భాషలో అప్పజెప్పాడు. దొర తృప్తిగా తలాడించి, రాతి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. దీన్నెవరూ ముట్టుకోకూడదని, తన మనుషులు నెలనెలా వచ్చి చూస్తారని హుకుం జారీచేశాడు.

ఆ సాయంత్రమే లూని కచేరీకి ఈడ్చుకుపోయి వెదురుబద్దతో నలభై దెబ్బలు కొట్టారు. క్షమించమని ఒక్క మాట అంటే సగానికి ఆపుతామన్నారు. అతను లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు.

వారానికి వెయ్ మందు పొట్లంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోలేదు."

"రాతి మీద అందరూ ఆడవాళ్ళకి ఇంటిపేరే వేస్తారు. సుయూన్ అని ఆమె సొంత పేరు నీకెలా తెలుసు?"

"పెళ్ళికి ముందు మా వీధి పిల్లే కదా వెయ్. ఆ పేరుతో పిలిచేవాణ్ణి." లూ మోచేతి ఊతంతో కాస్త లేచాడు. "ఆ రోజు తలుపు తియ్యలేదు నేను."

వెయ్ పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

శరత్కాలంలో పరదేశీ సైన్యం మూటాముల్లె సర్దుకుని పోయింది. మర్నాడే అధికారి మనుషులు తాళ్ళూ సుత్తులూ పట్టుకుని రాయి కూల్చడానికి వచ్చారు. లూ కర్ర ఊతంతో కుంటుతూ చేరేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. రాతికి వీపు ఆనించి కాళ్ళు బారచాపి వెయ్ కూర్చుని ఉన్నాడు. అతని పక్కన తింగ్ కూర్చుంది. లూ కర్ర పక్కన పడేసి ఆమె పక్కన కూలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కళ్ళూ వచ్చి కూర్చున్నారు.

బంట్లు పొద్దు గుంకేదాకా నిలబడి, తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయారు.