గోల ఆగిన క్షణం

"సంతకం పెట్టేస్తే పోలేదూ" అన్నాడు మా ఆయన. నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా ఆయనది. ఆయన చేతిలో ఉన్న కాగితం నాది. దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగానే రాశారుగా. భయపడ్డావన్నారు, అంతేగా. ఆడదానివి, భయపడితే తప్పేముంది?" అన్నాడు.

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "టెలిఫోన్ల దగ్గర కూచునే పనిస్తారటగా. వేళకి వెళ్ళి వేళకి రావొచ్చు. నా నడుం కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

నడుం చేత ఊపిరి పీల్పించడం ఆవిడకే చెల్లింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కాలరు మీద పెట్టె నొక్కాను. ఈ ఇంట్లో నాకు ఎదురుపడే మాటలన్నీ ఇంత మెత్తగానే ఉంటాయి, పట్టుకుని పోట్లాడ్డానికి అంచు దొరకదు.

నేను ఫైరింజను నడుపుతాను. తొమ్మిదేళ్ళయింది. ఆ కాగితం పోయిన వారం జరిగిన దాని గురించి నేనిచ్చినట్టు మా స్టేషన్ ఆఫీసరుగారు టైపు చేయించిన వాంగ్మూలం. రేపు పదింటికి విచారణ కమిటీ ముందు సంతకం చేసి ఇవ్వాలి.

అల్లర్లప్పుడు మా పని తలకిందులవుతుంది. మామూలు రోజుల్లో ఎంత తొందరగా మంట దగ్గరికి చేరితే అంత మేలు. అల్లర్లలో మాత్రం రెండు వీధుల అవతలే ఆగాలి. పోలీసులు వచ్చి పదండి అనే దాకా కదలకూడదు. బండి ఒంటరిగా వెళ్ళకూడదు, రెండేసి కలిసి వెళ్ళాలి. గొడ్డళ్ళూ గునపాలూ పైకి కనపడకుండా లోపల పెట్టి తాళం వెయ్యాలి, లేకపోతే అవే మన మీదికి వస్తాయి. బండి ముక్కు ఎప్పుడూ బయటి దారి వైపే ఉండాలి. వీధి కుళాయికి గొట్టం తగిలించకూడదు, ట్యాంకులో ఉన్న నీళ్ళతోనే కానివ్వాలి. నీళ్ళు మంట మీదికే గాని మనుషుల మీదికి తిప్పకూడదు. నడిపే మనిషి సీటు దిగకూడదు. ఆ మనిషి మూడుసార్లు పొడుగ్గా హారన్ కొడితే, చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ బండెక్కాలి. ఎందుకు కొట్టావని అడగడం స్టేషనుకి చేరాకే.

ఆ మధ్యాహ్నం తగలబడుతున్నది ఒక చెప్పుల దుకాణం. లోపల మనుషులు లేరని ఖాయం చేసుకున్నాం. మా జట్టు నాయకుణ్ణి మేం మీసాలాయన అంటాం. ఆయనా మిగతా నలుగురూ గొట్టంతో ముందుకెళ్ళారు. వీధి చివర జనం, వాళ్ళకీ మాకూ మధ్య పోలీసులు. జనం అరుస్తున్నారు, తిడుతున్నారు, ఎవడో నన్ను చూసి ఈల వేసి "వంట మానేసొచ్చావా అక్కా" అన్నాడు. నేను ఇంజను ఆపకుండా, అద్దంలో వాళ్ళనే చూస్తూ కూచున్నాను. మంట సగం లొంగింది. అప్పుడు నేను మూడుసార్లు హారన్ కొట్టాను.

మావాళ్ళు గొట్టం వదిలేసి వచ్చారు. తలలు లెక్కపెట్టుకుని, రెండు బళ్ళూ వెనక్కి వచ్చేశాం. తర్వాత పక్కనున్న రెండు దుకాణాలు కూడా కాలిపోయాయి. ఫైరు వాళ్ళు పారిపోయారని యజమానులు ఫిర్యాదు పెట్టారు.

"ఒక్క రాయి పడిందా? చెప్పు, ఒక్కటంటే ఒక్కటి?" అని స్టేషనులో మీసాలాయన అడిగాడు. పడలేదు. మేం అక్కడ లేం కాబట్టి మా మీద ఏమీ పడలేదు. ఈ మాట పైకి అంటే తెలివితక్కువగా వినిపిస్తుంది. జరగనిదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను? పొంగని పాలని ఎవరూ చూడరు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని కూడా చూడరు. పొంగిన రోజునే ఆమె ఎక్కడుందని వెతుకుతారు.

స్టేషన్ ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, నీళ్ళిప్పించి చెప్పాడు. "చూడమ్మా, కంగారులో ఆదేశం లేకుండా కొట్టానని రాస్తే అక్కడితో అయిపోతుంది. నీ మీద చర్య ఉండదు, టెలిఫోన్ సెక్షనుకి మారుస్తారు. హారన్ కూడా ఇకమీదట జట్టు నాయకుడు చెబితేనే కొట్టాలని రూలు మారుస్తున్నారు. అందరికీ క్షేమం."

"ఆయన మంట వైపు చూస్తుంటాడు సార్. వెనక ఏమవుతోందో ఆయనకెలా తెలుస్తుంది?"

"సరే, నీకెలా తెలిసింది? అది చెప్పు. అడ్డం నేను రాను."

ఏదో అనిపించింది సార్ అన్నాను. ఆయన జాలిగా తలూపి, కాగితం నా వైపు జరిపాడు.

వారం రోజులుగా ఆ ప్రశ్నే తిప్పుతున్నాను. గిన్నెలు తోముతూ, పిల్లకి జడ వేస్తూ, గేర్లు మారుస్తూ. ఏం చూశాను? చేతుల్లో రాళ్ళు కనపడలేదు. ఎవరూ ముందుకి ఉరకలేదు. అరుపులు మాత్రం ఆగాయి. అది మాత్రమే గుర్తుంది. తిట్లు తగ్గుతూ తగ్గుతూ రాలేదు, ఒక్కసారిగా తెగిపోయాయి. పోలీసుల భుజాలు వదులయ్యాయి, హమ్మయ్య సద్దుమణిగిందన్నట్టు. నా చెయ్యి మాత్రం హారన్ మీదికి వెళ్ళిపోయింది. నాకంటే ముందు నా చేతికి తెలుసు. ఎవరు నేర్పారు దానికి?

ఈ సాయంత్రం తెలిసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "సంతకం పెట్టననుకుంటున్నానండీ" అన్నాను. మా ఆయన గట్టి మనిషని ఎవరూ అనరు. నోట్లో నాలుక లేని మనిషంటారు. "కమిటీలో మా బాబాయి ఉన్నాడు. నీ కోసం నేను ఆయన్ని బతిమాలుకుని వచ్చాను, తెలుసా" అన్నాడు. అని, ఊరుకున్నాడు.

ఎదుటి గదిలో మా అమ్మాయి టీవీ చూస్తోంది. ఎనిమిదేళ్ళది. వాళ్ళ నాన్న మాట ఆపిన ఆ క్షణాన, వెనక్కి తిరక్కుండానే టీవీ కట్టేసింది. లేచి వచ్చి, ఆయన ముందున్న గాజుగ్లాసు చల్లగా తీసుకుపోయి సింకులో పెట్టింది. బల్ల మీదున్న కత్తెర సొరుగులో వేసింది. పుస్తకాలు పట్టుకుని, గుమ్మం దగ్గర, బయటి వైపు ముఖం పెట్టి కూచుంది.

ఆ పిల్లకి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అలా అనుకుని పదకొండేళ్ళు గడిపాను. గోడకి తగిలిన గ్లాసులు గోడకే తగిలాయి. తలుపులు తలుపులకే తగిలాయి. దానికి ముందు వచ్చే మౌనాన్ని మాత్రం ఒంటితో చదవడం నేర్చుకున్నాను, రోజూ, వంట చేస్తూ, నవ్వుతూ, ఇది కూడా ఒక పనేనని తెలియకుండా. ఆ చదువే ఆ రోజు ఐదుగుర్ని బండెక్కించింది. ఆ చదువునే నా కూతురు ఇప్పుడు నా కళ్ళ ముందు చదువుతోంది.

ఈ వారమంతా అడిగిన వాళ్ళకి జవాబు చెప్పలేకపోయింది తెలియక మాత్రమే కాదు, తెలుసుకోవడం ఇష్టం లేక. చెబితే ఇది ఆఫీసు కాగితం మీద ఉంటుంది. వాళ్ళ బాబాయి చదువుతాడు. అత్తగారికి తెలుస్తుంది, వీధికి తెలుస్తుంది. చెప్పకపోతే రేపట్నుంచి హారన్ మీద చెయ్యున్న ఇంకెవరో, మంట వైపు తిరిగున్న నాయకుడి మాట కోసం ఎదురుచూస్తూ కూచుంటారు.

టైపు కాగితం తిప్పి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. ఆయన చూస్తూ కూచున్నాడు. సగం పేజీ నిండాక, "ఏం రాస్తున్నావ్?" అన్నాడు.

"చదువుతాను, వినండి. రేపు అక్కడెలాగూ చదువుతారు."

అమ్మాయి గుమ్మంలోంచి తల తిప్పి చూసింది. దానికీ వినపడేలా, తొందరపడకుండా చదివాను.

"భయపడ్డ మాట నిజం. కాని హారన్ కొట్టింది కంగారులో కాదు, గుర్తుపట్టి. కోపంగా ఉన్న మనుషులు ఉన్నట్టుండి మాటలు ఆపేస్తే తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. పదకొండేళ్ళుగా నేను అలాంటి ఇంట్లో కాపురం చేస్తున్నాను."