పదిమందిగా పడుకున్న తల

నెత్తురుకీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉంటుంది. దానికి చిల్లు పడిందా, ఇక మిగిలేది గోడే... కొమ్ము తగిలించుకుని గోడు. మా కొత్త స్కానింగు ఆ గోడను సూది గుచ్చకుండానే చూస్తుంది. మెడ దగ్గర నెత్తుటిలోని నీటికి అయస్కాంతంతో గుర్తుపెట్టి, ఆ నీరు గోడ దాటి ఎంత జోరుగా మెదడులోకి దిగుతోందో లెక్కగట్టి, జోరెక్కువైన చోట తెరమీద ఎర్రగా చూపిస్తుంది. మందు లేదు, ముందు పడుకోవడమే.

ఆ మిషను నడిపేది నేను. ఆవేళ అందులో పడుకున్నది మా అక్క మొగుడు. ఈమధ్య మనుషుల పేర్లు మరిచిపోతున్నాడని అక్క పోరి పంపింది.

"ఏం బావా, లోపల సరుకుందా?" అన్నాను బల్లను బయటికి లాగుతూ.

"మీ అక్కని చేసుకున్న రోజే ఖాళీ అయిందిరా. అడుగూబొడుగూ ఏమన్నా కనబడిందా?"

అంకె చూశాను. మామూలు మనిషిలో కారేదాంట్లో సగమే.

"బావా, నువ్వు బాగా కాదు, బహు బాగా ఉన్నావు!"

పక్కనే తెర ముందున్న డాక్టరమ్మ నవ్వలేదు. నెల రోజుల రిపోర్టులు బల్లమీద పరిచింది.

"తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ మామూలు మనిషికంటే మేలే. పక్షవాతం వచ్చినాయనతో సహా. అదెలాగండీ?"

"నా చేతి చలవ."

"ఇంతకీ ఆ మామూలు మనిషెవరు? పదిమంది ఆరోగ్యవంతుల్ని తీసి సగటు కట్టమన్నాను కదా?"

ఆ సగటు కట్టాల్సిన వారం తలలు దొరక్క నా పని తలకిందులైంది. మీట రెండో షిఫ్టు అతనికి అప్పగించి నేనే పడుకున్నాను. పదిసార్లు. కాగితంమీద పది వయసులు వేశాను. ఇక్కడికొచ్చిన ప్రతి తలకూ నా తలే ప్రమాణం.

చెప్పేశాను.

"అయితే నా గోడ బాగున్నట్టా, కానట్టా?" అన్నాడు బావ.

"ఇంకా తెలీదండీ. తొమ్మిదిమందినీ మళ్లీ పిలవాలి." ఆవిడ చూపు మాత్రం నామీదే ఉంది. "ముందు మీరు పడుకోండి. ఈసారి వేరే ఆసుపత్రి కొలతతో పోలుస్తాను."

"పదకొండోసారా? పడక నాకు బాగా పడుతున్నట్టుంది."

ఆవిడ మిషనువైపు చెయ్యి చూపింది.

ఏడు నిమిషాల పని. ఏడూ అయ్యాయి.

"కదలకండి. ఇంకోసారి తీస్తాను," అంది మైకులో.

మళ్లీ ఏడు. మైకు ఆపడం మరిచిపోయినట్టున్నారు, బావ గొంతు వినబడింది: "ఆ ఎర్రగా ఉన్నదంతా ఏంటమ్మా?"

మైకు టక్కున ఆగింది.

బయటికొచ్చాక బావ ఒక్క ఎకసెక్కమూ ఆడలేదు. వంగి, నా చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇవాళ బండిమీద వచ్చారా?" అడిగింది డాక్టరమ్మ.

"అవునమ్మా."

"తాళాలు మీ బావగారికివ్వండి."