కింది పట్టు

బీరువాను మెట్లెక్కించేటప్పుడు ఇద్దరు పట్టుకుంటారు. చూసేవాళ్లకు బరువు చెరిసగం అనిపిస్తుంది. కాదు. పైన ఉన్నవాడు దారి చూసుకుంటూ మలుపు దగ్గర తిప్పుతాడు. బరువులో ముప్పాతిక వంతు కింద ఉన్నవాడి మీదే పడుతుంది. అందుకే మా కొట్లో మోసేవాళ్లు అంతస్తుకోసారి చోటు మార్చుకుంటారు. ఇన్నేళ్లుగా ఇనప బీరువాలు అమ్ముతున్నాను, ఆ పద్ధతి తప్పిన జంటను ఒక్కదాన్నే చూశాను. పెద్దోడు, చిన్నోడు అని మేం పిలిచే అన్నదమ్ములు. ఎన్ని అంతస్తులైనా కింది పట్టు పెద్దోడిదే.

మొదట్లో నేను పట్టించుకోలేదు. సరుకు గీత పడకుండా చేరుతోంది. ఎవడు పైన, ఎవడు కింద అన్నది వాళ్ల ఇంటి సంగతి. కానీ తాళం సరిచూడటానికి నేనూ వెనకాలే వెళ్లేవాణ్ణి కదా, పావు వంతు బరువుకే చిన్నోడు రొప్పడం కళ్లబడింది. రెండో అంతస్తు చేరేసరికి వాడి పెదాలు నీలం తిరిగేవి.

"ఏరా, నువ్వు బీరువాను మోస్తున్నావా, బీరువా నిన్ను మోస్తోందా?" అన్నాను ఓసారి.

"దాని తలుపు మట్టుకే నేనండీ. మిగతాదంతా అన్న," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ.

పెద్దోడు నవ్వలేదు. "వాడికి చిన్నప్పట్నుంచీ ఆయాసం అయ్యగారూ. అలవాటే."

అలవాటు అనే మాటను నేను నమ్మను. తలుపు కిర్రుమంటోందంటే ఎక్కడో చట్రం వంకరగా ఉన్నట్టే. వాళ్లమ్మ మా కొట్లోనే ఊడ్చి తుడిచేది. ఆమెను, కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నా మంచితనం అనుకోవద్దు. మెట్ల మీద మనిషి పడిపోతే బీరువా కింద ఉన్నవాడి మీదికి వస్తుంది. ఒక్కరితో పోదు.

డాక్టరమ్మ చిన్నోడి చేత గొట్టంలోకి ఊదించింది, గుండె పరీక్ష చేయించింది. ఆ తర్వాత వాణ్ణి వదిలేసి తల్లిని అడిగింది.

"వీడు కడుపులో ఉన్నప్పుడు ఏం తినేదానివమ్మా?"

"తినడానికి ఏముండేదమ్మా? ఆ ఏడే ఫ్యాక్టరీకి తాళం వేశారు. వీళ్ల నాన్న పొద్దస్తమానం ఆ గేటు ముందే. పొద్దున కాస్త గంజి. రాత్రికి ఉంటే అన్నం, లేకపోతే లేదు."

"ఆ అన్నమైనా తినేదానివా?"

ఆమె తలుపు దగ్గర నిలబడ్డ పెద్దోడి వైపు చూసి, వెంటనే తల తిప్పుకుంది. "వాడికప్పుడు నాలుగేళ్లు. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, వచ్చి నోరు తెరిచేవాడు. పిల్లాడు నోరు తెరుచుకుని నిలబడితే మనకు ముద్ద దిగుతుందా తల్లీ? కడుపులోది అడగదు కదా అనుకున్నా."



"ఇదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "కానీ కడుపుతో ఉన్నప్పుడు తిండి చాలకపోతే బిడ్డ బరువు తక్కువగా పుడతాడు. ఊపిరితిత్తులు పెరగాల్సినంత పెరగవు. ఆ లోటు తర్వాత ఎంత తిన్నా పూర్తిగా పూడదు. ఇన్నేళ్లూ గుండె ఆ భారం లాక్కొచ్చి అలిసిపోయింది. ఇక వీడు మెట్లెక్కి బరువులు మోయకూడదు."

"ఎన్నాళ్లండీ?" అన్నాడు చిన్నోడు.

"ఎప్పటికీ."

బయటికి వచ్చేటప్పుడు పెద్దోడు తమ్ముడి చేతిలోని నీళ్ల సీసా లాక్కున్నాడు.

"ఇది కూడా బరువేనా అన్నా?" అని నవ్వాడు చిన్నోడు. పెద్దోడు సీసా ఇవ్వలేదు.

చిన్నోణ్ణి కొట్లో కూర్చోబెట్టాను. తాళాలకు నూనె వేయడం, అద్దాలు తుడవడం. జీతం తగ్గించలేదు. తగ్గిస్తే పెద్దోడు ఇంకో కొట్టుకు పోతాడు, అలాంటి భుజం నాకు మళ్లీ దొరకదు. లెక్క నాకు సరిపోయింది. చిన్నోడికే సరిపోలేదు.

"నా ముద్ద తను తిన్నాడని మా అన్న తనకు తనే శిక్ష వేసుకుని నా బరువూ మోస్తున్నాడండీ," అన్నాడు ఓ రోజు. "నేనేమన్నా అడిగానా?"

"కూర్చునే పని దొరికితే జనం దండం పెడతారురా."

"మోయగలిగినవాళ్లు పెడతారండీ."

ఆ తర్వాత ఓ శనివారం నేను సరుకు కోసం వేరే ఊరు వెళ్లాను. పెద్దోడికి జోడీగా పెట్టిన మనిషి రాలేదు. నాలుగో అంతస్తుకు చేరాల్సిన బీరువా ఒకటుంది, ఆ ఇంటివాళ్లు ఫోన్ మీద ఫోన్. పెద్దోడు వద్దంటున్నా చిన్నోడు బండెక్కాడు. "ఊరికే పైన పట్టుకుంటా, అంతేగా," అన్నాడట. తీరా మెట్ల దగ్గరికి వచ్చాక వెళ్లి కింది వైపు నిలబడ్డాడు.

"నువ్వు పైకి పో అన్నా. ఒక్క అంతస్తే. తర్వాత మార్చుకుందాం, అందరిలాగే."

ఒక్క అంతస్తు అన్నవాడు రెండోదానికీ పట్టు మార్చలేదు. మధ్యలో బీరువా అడ్డం, పైన ఉన్న పెద్దోడికి తమ్ముడి మొహం కనబడదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. మూడో అంతస్తు మలుపులో "దించన్నా" అన్నాడు. ఇద్దరూ మెల్లగా దించారు. అక్కడ మెట్లు ఇరుకు. పెద్దోడు బీరువా మీదికి ఎక్కి అటువైపు దిగాల్సి వచ్చింది. దిగేసరికి చిన్నోడు దానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా బీరువా అడుగు అంచు మీదే ఉంది.

నేను తిరిగొచ్చి చూశాను. బీరువాకు ఒక్క గీత పడలేదు.

పెద్దోడి భార్య అప్పటికే రెండోసారి కడుపుతో ఉంది. ఆ నెల నుంచి వాళ్లింటికి బియ్యం, పప్పు, పాలు, గుడ్లు నేనే పంపుతున్నాను. ఓ మధ్యాహ్నం బండి అటే వెళ్తుంటే స్వయంగా దింపుదామని వెళ్లాను. ఒకటే గది. భోజనాల వేళ. అత్తగారు ముందు కోడలికి వడ్డించింది, గుడ్డు పెట్టింది. పెద్దోడి కూతురు, నాలుగేళ్లది, ఎక్కడ ఆడుకుంటోందో పరుగెత్తుకొచ్చి తల్లి కంచం ముందు నిలబడి నోరు తెరిచింది.

పెద్దోడు పాప చెంప మీద ఒక్కటి కొట్టాడు.

పాపకు ఏడుపు కూడా రాలేదు. నోరు అలాగే తెరిచి ఉంది. ముసలమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"చంటిదిరా! దానికేం తెలుసు?"

"నాకు మాత్రం తెలుసా అమ్మా, అప్పుడు?"

పెద్దోడు తన కంచం దగ్గరికి లాక్కుని, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టడం మొదలుపెట్టాడు. కంచం ఖాళీ అయ్యేదాకా పెట్టాడు. గిన్నెలో ఇంకా బోలెడు అన్నం ఉంది. వాడు వడ్డించుకోలేదు, వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కోడలు తల వంచుకుని, ఎవరో తరుముతున్నట్టు గబగబా తింటోంది.

వాడు చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఇవాళ ఎన్నో అంతస్తు అయ్యగారూ?"

"నాలుగు," అన్నాను.